నాన్నతో వెళ్లనంటున్న బిడ్డ: సమస్య - పరిష్కారం

లక్షణం: తల్లిదండ్రులు విడిగా ఉంటుండగా, బెంగళూరు మారతహళ్లిలో తల్లితోనూ అమ్మమ్మతోనూ ఉంటున్న తొమ్మిదేళ్ల పిల్లవాడు, ఆదివారం తండ్రి రాగానే తలుపు వెనక నక్కి, "ఆయన మెయింటెనెన్స్ (భరణం) ఎగ్గొట్టాడు, నేను రాను" అంటాడు. ఆ మాట ఆ వయసు పిల్లవాడిది కాదు. ఎలాగో బయలుదేరితే, గంట తిరక్కుండానే దర్శినిలో (టిఫిన్ హోటల్లో) తండ్రి ప్లేటులోని దోసె తుంచుకుని తింటూ నవ్వుతాడు. తిరిగి ఇంటి గేటు కనబడగానే ముఖం ముడుచుకుంటాడు. కడుపునొప్పి, నిద్రలేమి, చదువులో వెనకబాటు కూడా తోడు కావచ్చు.

కారణం: ముందుగా తేల్చుకోవలసింది, బిడ్డ భయానికి నిజమైన కారణం ఉందా అన్నది. ఇంట్లో కొట్టడం, తాగి రావడం చూసిన బిడ్డ వెనకాడితే అది ఎవరో మనసు విరిచేయడం వల్ల కాదు. అక్కడ భద్రతే మొదటి పని. అలాంటిదేమీ లేనప్పుడు, నాన్నను ఇష్టపడితే అమ్మకు ద్రోహం చేసినట్లవుతుందన్న బెంగ కనిపిస్తుంది. దానికి చాడీలే చెప్పనక్కరలేదు, నాన్న ఫోను మోగినప్పుడల్లా అమ్మమ్మ విడిచే నిట్టూర్పు చాలు. తల్లి దూరమై బిడ్డ తండ్రి దగ్గర ఉన్న ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది.

బిడ్డ మనసు ఇలా ఒకరిమీద విరిగిపోవడానికి 1985లో అమెరికా మానసిక వైద్యుడు రిచర్డ్ గార్డనర్ 'పేరెంటల్ ఏలియనేషన్ సిండ్రోమ్' అని పేరు పెట్టినా, మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా గ్రంథం డీఎస్ఎం-5 దీన్ని రుగ్మతగా చేర్చలేదు. సుప్రీంకోర్టు కూడా 2024లో, నిర్దిష్టమైన ప్రవర్తన చూడకుండా తల్లిదండ్రుల్లో ఎవరిమీదా ఈ ముద్ర వేయరాదని హెచ్చరించింది. కాబట్టి వకీలుకు ఆ పేరు కన్నా, ఏ తేదీన ఏం జరిగిందో రాసిన నోటుబుక్కే ఎక్కువ పనికొస్తుంది. బిడ్డ మాటలను చాటుగా రికార్డు చేయడం మాత్రం వద్దు. తెలిసిన రోజున ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

పరిష్కారం: మీరే ఆ తండ్రి అయితే, మెయింటెనెన్స్ ఎగ్గొట్టారన్న ఆరోపణకు బిడ్డ ముందు జవాబు చెప్పకండి. "నీకు కోపం వచ్చిందని అర్థమైంది నాన్నా, ఆ డబ్బు సంగతి అమ్మా నేనూ చూసుకుంటాం" అని అక్కడితో ఆపండి. అప్పగింత ఇంటి గుమ్మంలో కాకుండా బడి దగ్గర జరిగేలా మార్చుకుంటే, బిడ్డకు ఇద్దరి కళ్ల మధ్య నిలబడే అవస్థ తప్పుతుంది. నెలల తరబడి కలవకపోతే విముఖత గట్టిపడుతుంది గనుక, విడాకుల కేసు తేలేదాకా ఆగకుండా, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద బిడ్డను కలిసేందుకు కుటుంబ న్యాయస్థానంలో మధ్యంతర ఉత్తర్వులు కోరవచ్చు. ఉన్న ఉత్తర్వులను మార్చమనీ అడగవచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోని పిల్లల మానసిక వైద్య విభాగానికి వెళ్లేటప్పుడు, వీలైతే తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి. బిడ్డను ఒక్కడినే కూర్చోబెట్టి "వీణ్ణి మార్చండి" అంటే, తప్పు తనదేనని వాడు నమ్ముతాడు.