గోథిక్ నవల చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఒకే ఇంటికి రెండు తలుపులు

ముందు గత పాఠంలోని అభ్యాసం సంగతి. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఆ వికృతాకారుడి గోడు మన దాకా ఎవరెవరి మీదుగా వస్తోందో రాయమన్నాను. అతను తనను సృష్టించిన విక్టర్‌తో చెప్పుకున్నాడు. విక్టర్ ఓడలో అన్వేషకుడు వాల్టన్‌కు చెప్పాడు. వాల్టన్ తన సోదరికి ఉత్తరాల్లో రాశాడు. మూడు చేతులు మారిన మాట అది. ఎవరు చెబుతున్నారన్నది గమనించే అలవాటు ఈ పాఠం చివర్లో మళ్లీ అక్కరకు వస్తుంది.

భయమూ రహస్యమూ అల్లుకున్న గోథిక్ కథల్లో ఈసారి మన చేతిలో ఉన్నది రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రాసిన జెకిల్, హైడ్‌ల కథ. 1886 జనవరిలో వెలువడింది. పది అధ్యాయాల చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. నేర్చుకోవలసిన నైపుణ్యం ఒక్కటే: మనిషిలోని ద్వంద్వాన్ని పాత్రలు చెప్పే మాటల్లో కాకుండా, కథలో కంటికి కనబడే వస్తువుల్లో పట్టుకోవడం.

దీనికి ఒక అడ్డంకి ఉంది. జెకిల్, హైడ్ ఇద్దరూ ఒక్కరేనన్న రహస్యం పుస్తకం తెరవని వాళ్లకు కూడా తెలుసు. 1886 నాటి పాఠకుడికి అది తొమ్మిదో అధ్యాయం దాకా తేటతెల్లం కాలేదు. కాబట్టి లాయరు అటర్సన్ వెనకే నడవండి. ఆయనకు తెలిసినంతే మీకూ తెలుసనుకోండి. జెకిల్ తన వీలునామాలో ఆస్తి అంతా హైడ్ అనే అనామకుడి పేర రాశాడు. మర్యాదస్తుడైన స్నేహితుణ్ణి ఎవడో బెదిరించి రాయించుకుని ఉంటాడని అటర్సన్ అనుమానం. మీరూ అదే అనుమానంతో చదవండి.

ఇక మొదటి అధ్యాయం తెరిచి, సందులో ఉన్న తలుపు దగ్గర ఆగండి. చుట్టూ దుకాణాలు రంగులు వేసుకుని కళకళలాడుతుంటాయి. మధ్యలో రెండంతస్తుల కట్టడం ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి కిటికీ అన్నది లేదు. కింద ఒకే ఒక తలుపు, దానికి గంటా లేదు, తట్టడానికి కడియమూ లేదు. రంగు పొక్కులు లేచింది. దేశదిమ్మరులు ఆ గుమ్మంలో చేరి తలుపు చెక్కల మీదే అగ్గిపుల్లలు గీసుకుంటారు. పిల్లలు మెట్ల మీద అంగడి ఆట ఆడతారు. బడిపిల్లవాడెవడో దాని అంచుల మీద తన చాకు పదును చూసుకున్నాడు. హైడ్ ఈ తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్లి, తాను తొక్కి వెళ్లిన చిన్నపిల్ల కుటుంబానికి పరిహారంగా పది పౌన్ల బంగారు నాణేలు, మిగతా మొత్తానికి పేరున్న పెద్దమనిషి సంతకం ఉన్న చెక్కూ తెచ్చి ఇస్తాడు.

రెండో అధ్యాయంలో అటర్సన్ ఆ సందు మలుపు తిరిగి ఒక చౌకులోకి వస్తాడు. పాతకాలపు అందమైన ఇళ్లు. చాలావరకు వన్నె తగ్గి, వాటాలుగా అద్దెకు పోయినవి. ఒక్క ఇల్లు మాత్రం ఇప్పటికీ మొత్తంగా ఒకరిదే, దర్జాగా ఉంది. తలుపు తడితే పూల్ అనే ముసలి నౌకరు వచ్చి తీస్తాడు. లోపల నిప్పు వెలుగుతున్న వెచ్చని హాలు, ఖరీదైన ఓక్ బీరువాలు. ఇది డాక్టర్ జెకిల్ ఇల్లు. హైడ్ ఇక్కడ భోజనం చేయడనీ, ఇంటి ఈ వైపు చాలా అరుదుగా కనబడతాడనీ, ఎక్కువగా ప్రయోగశాల తలుపు గుండానే వచ్చి పోతుంటాడనీ పూల్ చెబుతాడు.

నోటు పుస్తకంలో ఈ ఇంటి పటం గీయండి. ముందు ముఖద్వారం, హాలు, వెనక పెరడు, దాని అవతల ఒకప్పుడు శవాలు కోసి పాఠం చెప్పిన పాత శాల, దాని పైన జెకిల్ గది, చివర సందులోని తలుపు. గీస్తుండగానే తెలుస్తుంది, సందులోని పాడుబడ్డ తలుపు, చౌకులోని మర్యాదగల తలుపు ఒకే ఇంటివని. మొదటి అధ్యాయంలోనే అటర్సన్ బంధువు ఎన్‌ఫీల్డ్ యథాలాపంగా ఓ మాట అంటాడు: అక్కడి కట్టడాలు ఎంత ఇరుకుగా ఒరుసుకుని ఉన్నాయంటే, ఒకటెక్కడ ముగిసి ఇంకొకటెక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమట. కథ మొత్తం ఆ వాక్యంలో ఉంది. పాఠకుడు ఇళ్ల వర్ణన కదా అని దాటేస్తాడు, స్టీవెన్సన్‌కు కావలసిందీ అదే.

రెండో ఆధారం చేతిరాత. హైడ్ సర్ డాన్వర్స్ కారూ అనే పెద్దమనిషిని హత్య చేశాక, అతను రాసినట్టు చెబుతున్న ఉత్తరం అటర్సన్ చేతికి వస్తుంది. ఆయన గుమస్తా గెస్ట్‌కు చేతిరాతలు పరిశీలించే సరదా. సరిగ్గా అప్పుడే జెకిల్ నుంచి విందు పిలుపు చీటీ వస్తే, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. అక్షరాలు చాలా చోట్ల ఒకటే, వాలు మాత్రం వేరు. జెకిల్ ఒక హంతకుడి కోసం దొంగరాత రాశాడా అని అటర్సన్ రక్తం చల్లబడుతుంది. సాక్ష్యం సరైనదే, తీర్పే తప్పు.

మూడోది చెయ్యి. పదో అధ్యాయంలో జెకిల్ తెల్లవారి నిద్ర లేచి దుప్పటి మీది తన చేతిని చూసుకుంటాడు. తనది పెద్దది, తెల్లనిది, వైద్యుడి చెయ్యి. ఇప్పుడు కనబడుతున్నది సన్నగా, నరాలు తేలి, నల్లటి రోమాలతో ఉంది. తనను హైడ్‌గా మార్చే మందు తాగకుండా, రాత్రి జెకిల్‌గానే పడుకున్నాడు. భయం ఆ చేతి రూపంలో కంటే అది అడగకుండా రావడంలో ఉంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిచేయాలి. జెకిల్ మంచివాడు, హైడ్ చెడ్డవాడు అని అందరూ అనేస్తారు. ద్విపాత్రాభినయం సినిమాలు చూసి పెరిగిన మనకు ఆ లెక్క మరీ సులువు. పుస్తకం అలా అనదు. హైడ్‌లో ఉన్నది కేవలం చెడే, నిజం. కానీ జెకిల్ మంచి సగం కాడు. మంచీ చెడూ కలిసిన పాత మనిషే ఆయన. మందుకు మంచీ చెడూ తెలియవనీ, ఉన్నతమైన ఉద్దేశంతో తాగి ఉంటే దేవదూతగా బయటికి వచ్చేవాణ్ణేమోననీ ఆయనే రాసుకున్నాడు. హైడ్ పొట్టిగా, చిన్న వయసువాడిగా ఉండడానికి కారణం కూడా అక్కడే దొరుకుతుంది: ఆ స్వభావం అన్నాళ్లూ తక్కువ వాడకంలో ఉంది. తెర మీద అతణ్ణి భారీ రాక్షసుడిగా చూపించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. జెకిల్ బట్టలు వదులై వేలాడే చిన్న మనిషే ఎక్కువ భయపెడతాడు.

ఇప్పుడు అభ్యాసం. పదో అధ్యాయం జెకిల్ స్వయంగా రాసిన వాంగ్మూలం. రెండు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. హైడ్ చేసిన పనులు చెప్పేటప్పుడు ‘నేను’ అన్న చోట ఒక రంగు, ‘అతను’ అన్న చోట ఇంకొకటి గీయండి. కారూ హత్య దగ్గర ఏ రంగు పడుతుందో, రీజెంట్ పార్కు బెంచీ మీద మారిపోయాక ఏది పడుతుందో చూడండి. హైడ్ గురించి ‘నేను’ అనలేనని జెకిల్ ఒక చోట బాహాటంగానే ఒప్పుకుంటాడు. ఆ వాక్యం కింద గీత గీసి, దానికి ముందు పేరాలో ఏం జరిగిందో రెండు మూడు మాటల్లో రాయండి. ఆఖరి వాక్యం విడిగా ఎత్తి రాసుకోండి: అందులో జెకిల్ తన పేరును పరాయివాడి పేరులా వాడతాడు.

5వ పాఠానికి జేమ్స్ హాగ్ 1824లో వెలువరించిన నవల ‘ద ప్రైవేట్ మెమాయిర్స్ అండ్ కన్ఫెషన్స్ ఆఫ్ ఎ జస్టిఫైడ్ సిన్నర్’ చదువుతాం. అందులో అవే సంఘటనలను ముందు ఒక సంపాదకుడు, తరువాత పాపం చేసినవాడు చెబుతారు. ఈ రెండు రంగుల పెన్సిళ్లు దగ్గర ఉంచుకోండి, అక్కడ మూడోది కూడా కావాలి.