సీటు వచ్చాక ఊరు మారాల్సి వస్తే: అమెరికాలో ఎంఎస్ఎన్ (నర్సింగ్ మాస్టర్స్), డీఎన్‌పీ (నర్సింగ్ డాక్టరేట్) అడ్మిషన్ వాయిదా వేయించుకోవడం

సీటు చేతికొచ్చాక మావారి ఉద్యోగం వేరే స్టేట్‌కి మారింది, అదే నెలలో మా అత్తగారికి ఆపరేషన్. వాయిదా అడిగితే ఉన్న సీటూ పోతుందేమోనన్న టెన్షన్‌తో ఐదు వారాలు నోరు మెదపలేదు. తీరా అడిగేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైందన్నారు. కట్టిన డిపాజిట్ పోయింది, మళ్లీ మొదటి నుంచి అప్లై చేసుకున్నాను. అందుకే చెప్తున్నా, ఊరు మారే అవకాశం ఉందని తెలిసిన వారమే అడిగేయండి.

అడిగే ముందు అడ్మిషన్ లెటర్ తెరిచి 'డిఫర్' (వాయిదా) అన్న మాట ఎక్కడుందో వెతకండి. కొన్ని స్కూళ్లు ఒక టర్మో ఏడాదో ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు, మళ్లీ అప్లై చేయమంటాయి. లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్ వేరు, అది క్లాసులు మొదలయ్యాక తీసుకునేది.

చాలామంది తేదీ గురించే అడుగుతారు, స్టేట్ గురించి అడగరు. అసలు చిక్కంతా అక్కడే. ముఖ్యంగా నర్స్ ప్రాక్టీషనర్ (రోగుల్ని చూసి మందులు కూడా రాసే నర్సు) కోర్సు ఆన్‌లైన్‌దైనా సరే, క్లినికల్ అవర్స్ (రోగుల దగ్గర చేసే ట్రైనింగ్ గంటలు) మాత్రం సాధారణంగా మీరుండే చోటే చేయాలి, దానికి ఆ స్టేట్‌లో స్కూల్‌కి అనుమతి ఉండాలి, ప్రిసెప్టర్ (దగ్గరుండి నేర్పించే సీనియర్) దొరకాలి. కాబట్టి 'నేను ఫలానా స్టేట్‌కి వెళ్తున్నాను, అక్కడి నుంచి ఈ కోర్సు పూర్తి చేయొచ్చా, అక్కడ లైసెన్స్‌కి పనికొస్తుందా' అని ముందు ఈమెయిల్‌లో అడగండి. కుదరదంటే వాయిదా వేసుకుని లాభం లేదు, కొత్త చోటే స్కూల్ చూసుకోవడం నయం.

ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ సంగతీ చూసుకోండి. ఒకరి నర్సింగ్ లైసెన్స్ ఇంకొకరు ఒప్పుకునేలా ఒప్పందం చేసుకున్నవే కాంపాక్ట్ స్టేట్‌లు. ఒక కాంపాక్ట్ స్టేట్ నుంచి ఇంకో కాంపాక్ట్ స్టేట్‌కి మకాం మారితే 60 రోజుల్లోపు కొత్త చోట లైసెన్స్‌కి అప్లై చేయాలి, 2024 జనవరి 2 నుంచి ఇదే రూలు. కాలిఫోర్నియా లాంటివి కాంపాక్ట్‌లో లేవు, అక్కడికి వెళ్తే ఎండార్స్‌మెంట్ (ఉన్న లైసెన్స్ ఆధారంగా అక్కడి లైసెన్స్ తీసుకోవడం) కావాలి, దానికి టైం పడుతుంది.

డబ్బు లెక్క కూడా మారిపోవచ్చు. స్కాలర్‌షిప్ వచ్చే ఏడాదికి దానంతటదే రాదు, విడిగా అడగాలి. ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయానికి పెట్టే ఫారం) ఏ ఏడాదికి ఆ ఏడాదే నింపాలి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్ (పీజీ చదువులకి ప్రభుత్వం ఇచ్చే అప్పు) లేదు, కాబట్టి ఆ లోన్ మీద లెక్కేసుకున్నవాళ్లు వాయిదాకి ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ వాళ్లతో మాట్లాడండి. ఒక్క లాభం ఏంటంటే, చాలా స్టేట్‌లలో 12 నెలలు ఉంటే ఇన్‌స్టేట్ ఫీజుకి (ఆ స్టేట్ వాళ్లకిచ్చే తక్కువ ఫీజు) అర్హత వస్తుంది, కొత్త ఊళ్లోనే చదవబోతుంటే అద్దె అగ్రిమెంటు, డ్రైవింగ్ లైసెన్స్ మీద తేదీలు మొదటి నెలలోనే పడేలా చూసుకోండి.

ఇక లెటర్. ఇంటి కష్టాలన్నీ ఏకరువు పెట్టకండి, నా మొదటి డ్రాఫ్ట్ రెండు పేజీలు వచ్చింది, చదివితే నాకే జాలేసింది! ఇంత చాలు: 'ఈ ఫాల్ టర్మ్‌కి నాకు అడ్మిషన్ వచ్చింది. కుటుంబం వేరే స్టేట్‌కి మారుతోంది, ఇంట్లో ఒకరి చికిత్స బాధ్యత నా మీద ఉంది. వచ్చే ఫాల్‌కి వాయిదా వేయమని కోరుతున్నాను, అప్పుడు చేరడానికి సిద్ధంగా ఉంటాను.' ఉద్యోగం మార్పు ఆర్డర్ లాంటి కాగితం ఉంటే జత చేయండి, ఇంట్లోవాళ్ల మెడికల్ రిపోర్టులు మాత్రం స్కూల్ వాళ్లు అడిగితేనే.

ఫోన్‌లో 'పర్లేదమ్మా, చూస్తాం' అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఏ టర్మ్‌కి మార్చారు, డిపాజిట్ అలాగే ఉంటుందా, ఫీజు ఏ ఏడాదిది, మళ్లీ ఏమేం పంపాలి, ఎప్పటిలోగా చేరతానని చెప్పాలి, ఇవన్నీ రాతలో తెప్పించుకోండి. బీఎల్ఎస్ (ప్రాణాపాయంలో సీపీఆర్ చేసే ట్రైనింగ్) కార్డు రెండేళ్లే చెల్లుతుంది, టీబీ టెస్టు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ మళ్లీ అడగొచ్చు, వాటిని ఇప్పుడే చేయించి డబ్బు తగలేయకండి. ఇంకొకటి, స్కూల్ రికార్డులో ఉన్నది ఆఫీసు ఈమెయిల్ అయితే ఉద్యోగం మానేసే ముందే మార్పించండి, లేకపోతే ఆ 'చేరతారా' అన్న మెయిల్ మీకు రానేరాదు.