బేస్ బాక్సులు కలిపే ముందు మీటరు పెట్టండి

వినాయక చవితి పందిట్లో పాట ఊపందుకోగానే ఆంప్లిఫైయర్ మీద ఎర్ర లైటు వెలిగి శబ్దం ఆగిపోవడం నాకు మామూలైపోయింది. చాలాసార్లు కారణం ఒకటే: ఒకే ఛానెల్‌కు లెక్కకు మించిన బాక్సులు. 8 ఓమ్‌ల (ఓమ్ అంటే విద్యుత్ నిరోధానికి కొలత) బాక్సులు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు, నాలుగు కలిపితే 2. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్లిఫైయర్ మీద భారం పెరుగుతుంది.

ఇప్పుడు వైరును ఆంప్లిఫైయర్ నుంచి విప్పి, ఆ కొసల దగ్గరే మల్టీమీటరుతో కొలుస్తున్నాను. ముందు మీటరు పుల్లలు రెండూ ఆనించి, వచ్చిన అంకెను తీసివేయాలి (నా చవక మీటరు 0.4 చూపిస్తుంది). మీటరు బాక్సు మీద రాసిన ఓమ్‌ల కంటే తక్కువే చూపిస్తుంది: 8 ఓమ్‌ల బాక్సు ఒక్కటైతే సుమారు 6, రెండైతే 3 వస్తుంది. ఒకటిన్నర వచ్చిందంటే 2 ఓమ్‌ల లోడు; ఆంప్లిఫైయర్ వెనక కనీసం 4 ఓమ్‌లు అని ఉంటే సగం బాక్సులు రెండో ఛానెల్‌కు మార్చాలి. ఆంప్లిఫైయర్ వాట్లు కూడా ఆ లోడు ఓమ్‌ల దగ్గర ఇచ్చినవే చూడాలి. అవి బాక్సుల ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే వాట్లు) మొత్తానికి ఒకటిన్నర రెట్లు ఉంటే సబ్‌వూఫర్‌కు, అంటే బేస్ బాక్సుకు, సరిపోతుంది. పీక్ (క్షణకాలం మాత్రమే తట్టుకునే) అంకెను పట్టించుకోకండి.

100 వోల్టుల లైను మీద నడిచే హారన్లకూ, కెపాసిటర్ ఉన్న ట్వీటర్లకూ (సన్నని శబ్దం పలికే చిన్న స్పీకర్లు) ఈ కొలత పనికిరాదు.