టీకా వేసిన కోళ్ల నుంచి వైరస్ వ్యాప్తి తగ్గించడం ఎలా?

టీకా వేశాక షెడ్డులోకి వైరస్ రాదని అనుకోవద్దు. కోళ్ల టీకాలు చాలావరకు జబ్బును, చావును ఆపుతాయి గానీ ఇన్ఫెక్షన్‌ను పూర్తిగా ఆపవు. టీకా పడిన కోడిలోనూ వైరస్ కొంత పెరిగి, రెట్టలో, నోటి స్రావాల్లో బయటపడవచ్చు. కాకపోతే మామూలుగా అది తక్కువగా, తక్కువ రోజులు వస్తుంది.

1. ఏ టీకా ఎంతవరకు పనిచేస్తుందో ముందు తెలుసుకోండి. కొక్కెర తెగులు (రాణీఖేత్) టీకా బాగా పడితే వైరస్ విసర్జన బాగా తగ్గుతుంది. మారెక్స్ టీకా అలా కాదు. గడ్డలు, పక్షవాతం రాకుండా కాపాడుతుంది గానీ, ఈకల మొదళ్ల నుంచి రాలే పొట్టులో వైరస్ వస్తూనే ఉంటుంది. ఉగ్రమైన రకం సోకితే టీకా లేని కోళ్లు త్వరగా చస్తాయి. టీకా ఉన్నవి బతికి ఎక్కువ కాలం వెదజల్లుతాయని 2015లో వెలువడిన పరిశోధన చూపింది. అలాగని టీకా మానేస్తే మిగిలేది నష్టమే.

2. మారెక్స్ టీకా పిల్ల పుట్టిన రోజే వేయించండి. రక్షణ ఏర్పడడానికి వారం పైనే పడుతుంది కాబట్టి ఆ రోజుల్లో పిల్లల్ని పెద్ద కోళ్ల దుమ్ముకు దూరంగా పెంచండి.

3. తాగునీటిలో ఇచ్చే కొక్కెర తెగులు టీకాకు ఎక్కువ జాగ్రత్త కావాలి. సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. క్లోరిన్ టీకా వైరస్‌ను చంపేస్తుంది. అందుకే క్లోరిన్ లేని నీటిలో లీటరుకు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపాకే టీకా కలపాలి. అంతకుముందు గంట, రెండు గంటలు నీళ్లు ఆపండి. ఎండ మండుతుంటే ఇంకా తక్కువసేపు. కలిపిన నీరు రెండు గంటల్లోపు అయిపోవాలి. బలహీనమైన కోళ్లకూ అందేలా తొట్లు సరిపడా పెట్టండి. టీకా అందని కోడే తర్వాత వైరస్‌ను ఎక్కువగా వదులుతుంది. తక్కువ కోళ్లుంటే కంట్లో చుక్క వేయడమే నయమని నా అభిప్రాయం. ఆ చుక్క మన కంట్లో పడితే కళ్లకలక వస్తుంది, జాగ్రత్త.

4. బతికున్న వైరస్‌తో చేసిన టీకా ముక్కు, గొంతు, పేగుల్లోనూ రక్షణ ఇస్తుంది. ఇంజెక్షన్‌తో ఇచ్చే చంపిన టీకా రక్తంలోనే యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడే రక్షక పదార్థాలు) పెంచుతుంది. అందుకే గుడ్ల కోళ్లకు మొదట బతికున్న టీకా, తర్వాత చంపిన టీకా.

5. కొక్కెర తెగులు టీకా వేసిన రెండు, మూడు వారాలకు కొన్ని కోళ్ల రక్తం పరీక్ష చేయించండి. సగటు చూసి మురిసిపోవద్దు. టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) తక్కువగా ఉన్నవి ఎన్నో చూడండి. వైరస్ ఎక్కువగా తిరిగేది వాటిలోనే.

6. టీకా పడిన మందకు కొక్కెర తెగులు సోకితే గుడ్లు తగ్గడం, పెంకు పలచబడడం ఒక్కటే లక్షణం కావచ్చు. పశువైద్యుడిని పిలిచి గొంతు, మలద్వారం నుంచి స్వాబ్‌లు (దూది పుల్లతో తీసే నమూనాలు) తీయించండి. పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే) పరీక్షలో టీకా వైరస్ కూడా కనబడవచ్చు. అందుకని ల్యాబ్‌కు పంపేటప్పుడు టీకా పేరు, వేసిన తేదీ చీటీ మీద రాయండి.