కోవిడ్ రోజుల్లో అలిపిరి తనిఖీకి ముందు చేసుకున్న చిన్న ఏర్పాటు

2021 సెప్టెంబరులో తిరుమల దర్శనానికి రెండు డోసుల కోవిడ్ టీకా ధ్రువపత్రం గాని, 3 రోజుల లోపు చేయించుకున్న ఆర్‌టీ-పీసీఆర్ నెగెటివ్ రిపోర్టు గాని తప్పనిసరి చేశాక, చిత్తూరు నుంచి వెళ్లిన మాకు కొండ కింద అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర ఫోనులో పత్రం తెరుచుకోక, వెనుక వాహనాలు హారన్లు కొడుతుంటే అమ్మ ఎంతో కంగారుపడింది. మరుసటిసారి ఒక్కొక్కరి ధ్రువపత్రం, ఆధార్, దర్శన టికెట్టు 2 ప్రతుల చొప్పున తీయించి, మనిషికొక ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన పేరు రాశాను. ఒక ప్రతి చేతిసంచిలో, రెండవది పెట్టెలో. మడత క్యూఆర్ కోడ్ మీద పడకుండా చూసుకోవాలి. తనిఖీ నిమిషంలో ముగిసింది. అయితే ధ్రువపత్రంలోని పేరు ఆధార్‌తో సరిపోకపోతే ఎన్ని ప్రతులున్నా ప్రయోజనం ఉండేది కాదు. దానిని ప్రయాణానికి ముందే టీకా నమోదు వెబ్‌సైటు కోవిన్‌లో సరిచేసుకోవలసి వచ్చేది.