మైలేజీ లెక్క మీరే వేసుకోండి

తక్కువ ధరలో మంచి మైలేజీ ఇచ్చే కారు కావాలంటే కంపెనీ చెప్పే అంకె చూసి మురిసిపోకండి. అది ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి తేల్చిన లెక్క. అదే కారు వాడుతున్నవారిని పట్టుకుని ట్యాంకు నిండా పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేయమనండి. మళ్లీ నింపేటప్పుడు 450 కిలోమీటర్లకు 25 లీటర్లు పట్టిందంటే లీటరుకు 18 వస్తున్నట్టు. డ్యాష్‌బోర్డు చూపే సగటు తరచూ కాస్త ఉదారంగానే ఉంటుంది లెండి. రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవారికి నా ఓటు హైబ్రిడ్‌కే, అంటే ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న కారుకే. బ్రేకు వేసినప్పుడల్లా వృథా కావలసిన శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది. అంత ధర పెట్టలేకపోతే బరువు తక్కువున్న చిన్న పెట్రోలు కారు చాలు. తిరుగుడు తక్కువైతే డీజిల్ జోలికి పోకండి. దగ్గరి ప్రయాణాలకే పరిమితమైతే కొత్త డీజిల్ కార్ల పొగగొట్టంలోని ఫిల్టరు మసితో పూడుకుపోతుంది.