బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో టైమ్ ఎలా చూసుకోవాలి

ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి వచ్చినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. పొద్దున ఐదింటికి లేపేవాళ్లు, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్, తిండికీ బెల్లే, ఏ పూట ఏ సబ్జెక్టు చదవాలో కూడా వాళ్లే చెప్పేవాళ్లు. బీటెక్‌లో ఆ బెల్లు ఉండదు. నాలుగింటికి కాలేజీ వదిలితే పడుకునేదాకా అంతా మన ఇష్టం. నాకు ఆ గంటలన్నీ ఎటు పోయాయో మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, మ్యాథ్స్ పేపర్ చేతికి వచ్చాకే తెలిసింది.

అందుకని ముందు ఒక వారం ఏమీ మార్చకండి. సాయంత్రం నుంచి ఏ గంట దేనికి పోయిందో పడుకునే ముందు ఫోన్‌లో ఉన్నదున్నట్టు రాసుకోండి. రూమ్‌లో కబుర్లు మానేయమని మాత్రం అనను, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్లకి మొదటి నెలల్లో అవే ధైర్యం.

తర్వాత భోజనానికి ముందు గంటన్నర, అంటే ఆరు నుంచి ఏడున్నర, గట్టిగా పట్టుకోండి. రూమ్‌లో వద్దు, మంచం కనిపిస్తే చదువు సాగదు, లైబ్రరీకో రీడింగ్ రూమ్‌కో వెళ్లండి. ఆ రోజు క్లాసులో చేసిన లెక్కలు నోట్స్ మూసేసి మళ్లీ చేయండి, ల్యాబ్‌లో రన్ చేసిన సీ ప్రోగ్రామ్ చూడకుండా రాయండి. ల్యాబ్‌లో చేసినవి రాసిచ్చే రికార్డు కూడా ల్యాబ్ అయిన రోజే రాసేయాలి, వాయిదా వేస్తే ఇంటర్నల్ పరీక్ష ముందు రాత్రి మూడింటి దాకా కూర్చోవాల్సిందే.

తెలుగు మీడియం నుంచి వచ్చారా? మీకు ఇంకో అరగంట కావాలి. రేపటి పాఠంలో రెండు పేజీలు ముందే చదివి, తెలియని మాటలకి అర్థాలు రాసుకుని వెళ్తే క్లాసులో సార్ చెప్పేది చెవికి ఎక్కుతుంది. పక్కవాడు గంటలో ముగించాడని టెన్షన్ పడకండి, వాడికి భాష కొత్త కాదు, మీకు భాష, సబ్జెక్టు రెండూ కొత్తే.

అటెండెన్స్ లెక్క మొదటి రోజు నుంచే వేసుకోండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీల్లో 75 శాతం ఉండాలి. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుంటే మీ చేతిలో ఉన్నవి 22 రోజులు. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది కానీ వానాకాలం జ్వరం, ఇంట్లో పెళ్లి, పండక్కి రెండు రోజుల ముందే ఊరు బయల్దేరడం, అన్నీ అందులోంచే పోవాలి. అనారోగ్యం లాంటి కారణం చూపించి ఫీజు కడితే 65 దాకా వదిలే వీలుంది, అంతకంటే తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. కాబట్టి సినిమాకి ఆ రోజులు ఖర్చు పెట్టొద్దు, ఆదివారం వెళ్లండి.

ఇప్పటికే ఆలస్యమైపోయి మిడ్ పది రోజుల్లో ఉంటే కొత్త టైమ్‌టేబుల్ గీస్తూ కూర్చోకండి. మొదటి మిడ్‌కి సాధారణంగా రెండున్నర యూనిట్లే వస్తాయి. సీనియర్లని అడిగి పాత పేపర్లు తెచ్చుకుని, అన్నిటికంటే భయపెడుతున్న సబ్జెక్టుతో ఈ రోజే మొదలుపెట్టండి.